నురగ వచ్చే రసాయనానికి సొల్యుబిలిటీ ఎంత?

పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ చుట్టుపక్కల కంపెనీల్లోనో ల్యాబ్‌లో చేరినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని నెత్తిన పడుతుంది. విదేశీ కస్టమర్ పంపిన ఫారంలో ఒక గడి ఉంటుంది: నీటిలో సొల్యుబిలిటీ, లీటరుకు ఎన్ని గ్రాములు? మెటీరియల్ చూస్తే వెట్టింగ్ ఏజెంటో, ఎమల్సిఫయరో, సోడియం లారిల్ సల్ఫేటో అయి ఉంటుంది. "నీళ్లలో వేసి కలిపితే తెలిసిపోతుంది, ఎల్లుండికి ఇచ్చెయ్" అంటారు పైవాళ్లు. తీరా వేసి కలిపితే ఫ్లాస్కు నిండా నురగ. మూడు రోజులు షేకర్ మీద పెట్టినా అడుగున పేరుకోదు, పైన తేటపడదు. ఫిల్టర్ చేస్తే ఒక అంకె, సెంట్రిఫ్యూజ్ చేస్తే ఇంకో అంకె. గడువు ముంచుకొస్తుంటే ఆ రెండింటి సగటు రాసి పంపేసేవాళ్లున్నారు.

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న మన ప్రాంతం పిల్లలకు ఈ ఒక్క పరీక్ష గురించి తీరుబాటుగా చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. మొదట చెప్పాల్సింది ఇది: రెండు అంకెలు వచ్చాయంటే మీకు చేతకాలేదని కాదు. ఆ పద్ధతి ఆ పదార్థానికి పనికిరాదు.

సొల్యుబిలిటీ కొలవడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఓఈసీడీ 105. ముందు ఒక అందాజు పరీక్ష చేస్తారు. 0.1 గ్రాము పదార్థాన్ని మూత ఉన్న మెజరింగ్ సిలిండర్‌లో వేసి, 0.1 మిల్లీలీటరుతో మొదలుపెట్టి నీళ్లు పెంచుకుంటూ, ప్రతిసారీ పది నిమిషాలు గట్టిగా కలుపుతూ, ఎక్కడ కరిగిందో చూస్తారు. ఒక మిల్లీలీటరుకు కరిగితే లీటరుకు 100 గ్రాముల పైమాటే. తర్వాత అసలు పరీక్ష. లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి కరిగేవాటికి ఫ్లాస్కు పద్ధతి, అంతకంటే తక్కువ కరిగేవాటికి కాలమ్ పద్ధతి. ఫ్లాస్కు పద్ధతిలో కరిగేదానికన్నా ఎక్కువ పదార్థం వేసి, మూడు ఫ్లాస్కులను 30 డిగ్రీల దగ్గర ఒకటి, రెండు, మూడు రోజులు కలిపి, ఒక్కోదాన్ని 20 డిగ్రీల దగ్గర ఇంకో రోజు ఉంచి, పైతేటను కొలుస్తారు. చివరి రెండు ఫ్లాస్కుల ఫలితాలు కలిస్తే లెక్క కుదిరినట్టే.

ఇదంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: కరగాల్సినంత కరిగాక మిగిలింది విడిగా ఉండిపోతుందని. సర్ఫాక్టెంట్, అంటే పైన చెప్పిన వెట్టింగ్ ఏజెంట్, ఎమల్సిఫయర్ లాంటి పదార్థం, అలా విడిగా ఉండిపోయే రకం కాదు. దాని అణువుకు ఒక కొస నీళ్లను కోరుకుంటుంది, రెండో కొస నీళ్లంటే దూరం జరుగుతుంది. కొంచెమే వేసినప్పుడు అణువులు విడివిడిగా కరిగి, వీలైనన్ని నీటి పైభాగానికి చేరి తలతన్యతను దించుతాయి. ఒక మోతాదు దాటాక నూనె కొసలు లోపలికి, నీటి కొసలు బయటికి పెట్టుకుని గుంపులు కడతాయి. ఈ గుంపులే మిసెల్స్. లారిల్ సల్ఫేట్ అయితే ఒక్కో గుంపులో 60 దాకా అణువులుంటాయి. ఇంకా వేస్తే ఇంకా గుంపులు. ఇంకా వేస్తే కొన్ని రకాలు గంజిలా, జెల్‌లా బిగుసుకుపోతాయి. 70 శాతం ఎస్ఎల్ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్) పేస్టు డ్రమ్ములో నీళ్లు పోసి పలచన చేయబోయి, గరిట తిరగని ముద్ద చేసుకున్న లిక్విడ్ సోప్ తయారీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. పేస్టును నీళ్లలోకి కొద్దికొద్దిగా వదలాలి తప్ప పేస్టు మీద నీళ్లు పోయకూడదు.

చిక్కులు ఇంకా ఉన్నాయి. నురగలోకి చాలా సరుకు వెళ్లిపోతుంది, కాబట్టి కింద ద్రావణంలో కొలిచింది తక్కువగా వస్తుంది. పలచని ద్రావణాల్లో గాజు గోడకూ, ఫిల్టర్ పొరకూ కొంత అంటుకుంటుంది. పైగా బజారులో దొరికే సర్ఫాక్టెంట్ ఒక్క పదార్థం కాదు, గొలుసు పొడవులు వేరువేరుగా ఉన్నవాటి కలగలుపు. డిటర్జెంట్లలో వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్‌లో 10 నుంచి 13 కార్బన్ల గొలుసులు కలిసి ఉంటాయి. పొట్టివి ముందు కరుగుతాయి, పొడవువి మిగులుతాయి. అందుకే ఎంత పొడి వేశారన్నదాన్ని బట్టి కూడా అంకె మారిపోతుంది. ఒకే బ్యాచ్‌కు ఇద్దరు కెమిస్టులు రెండు ఫలితాలు తెచ్చారంటే, వాళ్లలో ఒకరు తప్పని తేల్చేముందు ఎంతెంత తూచి వేశారో అడగాలి.

మరి ఏం కొలవాలి? గుంపులు కట్టడం మొదలయ్యే మోతాదును కొలవాలి. క్రిటికల్ మిసెల్ కాన్సన్‌ట్రేషన్, ల్యాబ్ మాటల్లో సీఎంసీ. అది దాటాక మీరు ఎంత వేసినా విడిగా తిరిగే అణువుల సంఖ్య దాదాపు పెరగదు, అదనంగా వేసిందంతా గుంపుల్లోకే పోతుంది. చేప మీద ప్రభావమైనా, నేలలోకి ఇంకడమైనా ఆ విడి అణువుల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి, సర్ఫాక్టెంట్లకు నీటి సొల్యుబిలిటీ హద్దుగా సీఎంసీని ఇవ్వవచ్చని యూరప్ రసాయనాల నియమావళి 'రీచ్' మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఈ మాట మీ మేనేజర్‌కు తెలియకపోతే వినయంగా చెప్పండి. కస్టమర్ అడిగింది ఎగ్గొడుతున్నామని వాళ్లు అనుకోవచ్చు. నిజానికి కస్టమర్ రెగ్యులేటరీ వాళ్లు కూడా ఈ జవాబునే ఎదురుచూస్తారు.

పదార్థం సర్ఫాక్టెంటో కాదో ముందే తేల్చుకోవడానికి ఓఈసీడీ 115 ఉంది. లీటరుకు 1 గ్రాము ద్రావణం తలతన్యత 20 డిగ్రీల దగ్గర 60 మిల్లీన్యూటన్/మీటరు కంటే తక్కువ వస్తే దాన్ని ఉపరితలం మీద పనిచేసే (సర్ఫేస్ యాక్టివ్) పదార్థంగానే లెక్కిస్తారు. శుద్ధమైన నీటికి 72.8 దాకా ఉంటుంది. మూడు రోజుల ఫ్లాస్కు పరీక్ష పెట్టేముందు ఈ ఒక్క కొలత తీసుకుంటే వారం మిగులుతుంది.

సీఎంసీ కొలవడానికి ఖరీదైన మిషన్ కావాలనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. లారిల్ సల్ఫేట్ లాంటి అయానిక్ రకాలకు మీ ల్యాబ్‌లో రోజూ వాడే కండక్టివిటీ మీటరు చాలు. ఎలా చేస్తారో ఒకసారి దగ్గరగా చూద్దాం. సోడియం లారిల్ సల్ఫేట్ 2.88 గ్రాములు తూచి, 100 మిల్లీలీటర్ల వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో 0.1 మోలార్ ద్రావణం చేసుకోండి. తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, మంట. ఫ్లాస్కును తలకిందులు చేసి ఊపకండి, అటూ ఇటూ మెల్లగా వంచండి. బీకరులో సరిగ్గా 100 మిల్లీలీటర్ల డీఐ (డీఅయనైజ్డ్) నీళ్లు తీసుకుని, 25 డిగ్రీల వాటర్ బాత్‌లో నిలిపి, నెమ్మదిగా తిరిగే మాగ్నెట్ వేసి, ఎలక్ట్రోడ్ దించండి. బ్యూరెట్ నుంచి అర మిల్లీలీటరు చొప్పున ద్రావణం వదులుతూ, అంకె నిలిచాక రాసుకుంటూ పోండి. 20 మిల్లీలీటర్ల దాకా వెళ్లండి. బీకరులోని అసలు సాంద్రత ప్రతిసారీ లెక్క కట్టాలి, ఎందుకంటే మొత్తం పరిమాణం కూడా పెరుగుతోంది. గ్రాఫ్ గీస్తే మొదట ఏటవాలుగా ఎక్కే ఒక గీత, తర్వాత దాని వాలులో సగం కన్నా తక్కువ వాలున్న ఇంకో గీత కనిపిస్తాయి. రెండూ కలిసే చోటే సీఎంసీ. శుద్ధమైన సరుకైతే లీటరుకు 8 మిల్లీమోల్స్ దగ్గర, అంటే 2.3 గ్రాముల దగ్గర వస్తుంది. బ్యూరెట్ లెక్కలో అది 8.7 మిల్లీలీటర్ల చుట్టూ పడుతుంది. మొత్తం పని ఒక పూటలో అయిపోతుంది.

మీ అంకె 8 కంటే కొంత తక్కువ వస్తే బెంబేలు పడకండి. ఫార్మకోపియా గ్రేడ్ లారిల్ సల్ఫేట్‌లో సోడియం ఆల్కైల్ సల్ఫేట్లు 85 శాతానికి తగ్గకుండా ఉంటే చాలు. అందులో 12 కార్బన్లతో పాటు 14, 16 కార్బన్ల గొలుసులూ ఉంటాయి. పొడవు గొలుసులు సీఎంసీని కిందికి లాగుతాయి. అలాగే పాత ద్రావణం వాడకండి. నిలవ ఉన్న ద్రావణంలో కొంత విడిపోయి డోడెకనాల్ పుడుతుంది. తలతన్యత పద్ధతిలో కొలిచేటప్పుడు, గ్రాఫ్ సీఎంసీ దగ్గర గుంటలా దిగి మళ్లీ పైకి లేస్తే ఆ డోడెకనాలే కారణం. ఆ గుంటను చూసి సరుకు అశుద్ధమని చెప్పగలిగే కెమిస్టును ఏ ఇంటర్వ్యూలోనూ తేలిగ్గా వదులుకోరు.

అయాన్లు లేని రకాలకు కండక్టివిటీ మీటరు పనికిరాదు. సర్ఫాక్టెంట్లలో కొన్ని మన చెలకల్లోంచే మొదలవుతాయి. నల్లగొండ, పాలమూరు జిల్లాలు ఆముదానికి పేరున్నవి. పాలెం పరిశోధన కేంద్రం ఈ పంట మీద పని చేస్తోంది. ఆముదానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టిస్తే వచ్చే టర్కీ రెడ్ ఆయిల్ అయానిక్ రకం, అద్దకంవాళ్లకు ఎన్నో తరాల పరిచయం. పుట్టపాక నేతగాళ్లు తేలియా రుమాల్ నూలును నూనెలో, ఆముదపు కాయల పొట్టు బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టేదీ రంగు పట్టడానికి ఇలాంటి పనితనం కోసమే. అదే ఆముదానికి ఇథిలీన్ ఆక్సైడ్ పట్టిస్తే పాలీఆక్సిల్ కాస్టర్ ఆయిల్ వస్తుంది. నీళ్లలో కరగని పాక్లిటాక్సెల్ లాంటి క్యాన్సర్ మందును ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి సాయపడేవాటిలో ఇదొకటి. పురుగుమందుల ఈసీ (ఎమల్సిఫయబుల్ కాన్సన్‌ట్రేట్) ఫార్ములేషన్లలోనూ దీని చుట్టాలే ఎమల్సిఫయర్లు.

అయాన్లు లేని రకాలకు తలతన్యతే కొలవాలి. టెన్సియోమీటర్ ఉంటే మంచిదే. లేకపోతే డిగ్రీ ప్రాక్టికల్స్‌లో పట్టుకున్న స్టాలగ్మోమీటర్ గుర్తు తెచ్చుకోండి. ఒకే పరిమాణంలో నీళ్లు 20 చుక్కలు పడితే, సర్ఫాక్టెంట్ ద్రావణం తలతన్యత 38కి దిగినప్పుడు సుమారు 38 చుక్కలు పడతాయి. చాలా పలచటి ద్రావణం నుంచి చిక్కటిదాకా కనీసం పది సాంద్రతలు తయారుచేసి, తలతన్యతకు ఎదురుగా సాంద్రత లాగరిథమ్ పెట్టి గ్రాఫ్ గీయండి. గీత పడిపోవడం ఆగిన మలుపే సీఎంసీ. పలచటి నుంచి చిక్కటికే వెళ్లాలి, వెనక్కి రాకూడదు. చుక్కలు తొందరగా పడనివ్వకండి, అణువులు చుక్క పైభాగానికి చేరడానికి టైం ఇవ్వాలి. పాలీసార్బేట్ 80 లాంటివి మరీ నెమ్మది. దాని సీఎంసీ లీటరుకు 15 మిల్లీగ్రాముల దరిదాపులోనే ఉంటుంది కాబట్టి గాజుకు అంటుకునే కొంచెం కూడా లెక్కను మార్చేస్తుంది. కొలిచేముందు అదే ద్రావణంతో గాజును రెండు సార్లు తొలిపి పారబోయండి.

వేడి చేస్తే కరుగుతుందన్న అలవాటు ఇక్కడ దెబ్బ తీస్తుంది. ఇథాక్సిలేట్లు నీళ్లను పట్టుకునేది హైడ్రోజన్ బంధాలతో. వేడికి అవి సడలిపోయి ద్రావణం తెల్లగా మసకబారుతుంది. ట్రైటాన్ ఎక్స్-100 ఒక శాతం ద్రావణం 65 డిగ్రీల దగ్గర అలా మబ్బు పడుతుంది. అయానిక్ రకాలది దీనికి పూర్తిగా ఎదురు తీరు. చల్లబడితే అవే బయటపడతాయి. లారిల్ సల్ఫేట్ ద్రావణాన్ని 15 డిగ్రీలకు దగ్గరగా చల్లబడనిస్తే స్ఫటికాలు తేలుతాయి. డిసెంబరు తెల్లవారుజామున షాద్‌నగర్, జడ్చర్ల గోదాముల్లో డ్రమ్ముల అడుగున తెల్లటి పొర కనిపించిందంటే సరుకు చెడిపోయిందని రిజెక్ట్ చేసేముందు గోరువెచ్చగా చేసి చూడండి. సాంద్రతతో పాటు ఉష్ణోగ్రత రాయని సొల్యుబిలిటీ అంకె సర్ఫాక్టెంట్ల విషయంలో ఎవరికీ పనికిరాదు.

ఫార్మా క్యూసీలో ఉన్నవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది మాత్రం ఇంకోచోట, పొటాషియం దగ్గర. కరగని మందుల డిసల్యూషన్ మీడియాలో లారిల్ సల్ఫేట్ కలపడం మామూలే. పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్ అనగానే చేయి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ సీసా మీదికి పోతుంది. అందులో లారిల్ సల్ఫేట్ వేయగానే పాలలా తెల్లబడుతుంది. పుట్టింది పొటాషియం లారిల్ సల్ఫేట్. సోడియం ఉప్పులా అది మామూలు గది వేడిలో కరిగి ఉండదు. 37 డిగ్రీల పాత్రలో ఎలాగో తేటగా కనిపించి, ఏసీ గదిలో హెచ్‌పీఎల్‌సీ ట్రేలోకి వచ్చేసరికి వయల్ అడుగున పేరుకుంటుంది. సూదిలో, కాలమ్‌లో అడ్డం పడుతుంది. రాత్రి షిఫ్టులో ప్రెషర్ పెరిగి సీక్వెన్స్ ఆగిపోతే, మందు తక్కువ కరిగిందని ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) విచారణ తెరిస్తే, అసలు దోషి ఈ తెల్ల పొడే. సోడియం ఫాస్ఫేట్ ఉప్పులతో బఫర్ చేస్తే ఈ బెడద ఉండదు. కానీ మెథడ్‌లో పొటాషియం అని ఉంటే మీ అంతట మీరు మార్చకండి. కారణం రాసి ఛేంజ్ కంట్రోల్ పెట్టించండి. దాన్ని పెట్టించిన కెమిస్టును మిగతా షిఫ్టులన్నీ గుర్తుపెట్టుకుంటాయి.

ఇక మన నీళ్ల సంగతి. నల్లగొండ పేరు ఫ్లోరైడ్‌తో ముడిపడి, నీటి శుద్ధికి నీరీ రూపొందించిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు కూడా వచ్చింది. సర్ఫాక్టెంట్లతో పని చేసేవాళ్లకు ఫ్లోరైడ్ కన్నా కాల్షియం, మెగ్నీషియమే పెద్ద శత్రువులు. సబ్బు ఆ నీళ్లలో తెట్టు కడుతుంది, కుంకుడు రసం కట్టదు. సబ్బు అయానిక్ రకం, కుంకుళ్లలోని సాపోనిన్లు కాల్షియంతో అలా ముద్దకట్టవు. అందుకని బోరు నీళ్లలో చేసిన పరీక్ష సరుకు గురించి కాక ఆ బోరు గురించి చెబుతుంది. నీళ్లలో ఉప్పు ఉన్నా అంతే. 0.1 మోలార్ మామూలు ఉప్పు కలిస్తే లారిల్ సల్ఫేట్ సీఎంసీ 8 నుంచి 1.5 మిల్లీమోల్స్ దాకా పడిపోతుంది. ఆర్‌ఓ మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో, ఆ రోజు డీఐ నీటి కండక్టివిటీ ఎంతో రికార్డులో ఉండాలి.

వ్యవసాయ మందుల కంపెనీల్లో ఉన్నవాళ్లు బోరు నీళ్లను తప్పించుకోలేరు, రైతు కలిపేది వాటిలోనే. ఎమల్షన్ నిలకడ పరీక్షకు స్టాండర్డ్ హార్డ్ వాటర్ వాడతారు. లీటరుకు 0.304 గ్రాముల నిర్జల కాల్షియం క్లోరైడ్, 0.139 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపితే, కాల్షియం కార్బొనేట్ లెక్కలో 342 మిల్లీగ్రాముల కాఠిన్యం వస్తుంది. ఇప్పుడు ఐఎస్ 10500 చూడండి: తాగే నీటికి 200 దాకా మంచిది, వేరే దిక్కు లేనిచోట 600 దాకా అనుమతి. అంటే మనుషులు తాగడానికి ఒప్పుకున్న నీళ్లు, మందును పరీక్షించిన నీళ్లకన్నా కఠినంగా ఉండొచ్చు. ల్యాబ్‌లో పాసైన మందు మునుగోడు వైపు పత్తి చేలో ట్యాంకులో విరిగితే రైతు తప్పు కలిపాడని కొట్టిపారేయకూడదు. ఫీల్డ్ స్టాఫ్ చేయగలిగిన పరీక్ష ఒకటుంది. రైతు వాడే నీళ్లే ఒక గాజు సీసాలో తెప్పించి, ట్యాంకులో కలిపే పాళ్లలోనే మందు, స్టిక్కర్ కలిపి, ఒక గంట కదపకుండా ఉంచి చూడడం. పైన మీగడో, అడుగున మడ్డో కడితే ఆ నీళ్లు సంచిలో కాకుండా మూత బిగించిన సీసాలో ల్యాబ్‌కు పంపండి, కాఠిన్యం కొలిచి కంపెనీకి రాయండి. ఒక్క సీజన్‌లో మండలం వారీగా ఇలాంటి కొలతలు పోగుచేస్తే మీ ఫార్ములేషన్ టీంకు అంతకన్నా పనికొచ్చే కానుక ఉండదు.

పరీక్ష అయ్యాక బీకరు సింకులో ఒంపేముందు ఒక్క క్షణం. తాగే నీటిలో ఆనయానిక్ (రుణావేశమున్న) డిటర్జెంట్లు మిథిలీన్ బ్లూ పద్ధతి లెక్కన లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 1 దాకా. మీరు ఒంపబోయే 120 మిల్లీలీటర్లలో అర గ్రాముకు పైగానే ఉంది. హైదరాబాదు మురుగుతో దిగువకొచ్చే మూసీ నురగ భువనగిరి వైపు రైతులకు కొత్త కాదు. ల్యాబ్ వ్యర్థాలు ఈటీపీకే (వ్యర్థజల శుద్ధి ప్లాంటుకే) పోవాలి.

చివరికి రిపోర్టు. గడిలో ఒక్క అంకె వేసి వదిలేయకండి. ఇలా రాయండి: "పదార్థం సర్ఫాక్టెంట్, ఫ్లాస్కు పద్ధతి వర్తించదు. డీఐ నీటిలో, 25 డిగ్రీల దగ్గర, కండక్టివిటీ పద్ధతిలో సీఎంసీ లీటరుకు ఇన్ని గ్రాములు. 10 శాతం దాకా తేటగా ఉంది, ఆపైన జెల్ కట్టింది. ఇన్ని డిగ్రీలకు చల్లబరిస్తే స్ఫటికాలు వచ్చాయి. 342 కాఠిన్యం ఉన్న నీటిలో మసకబారింది." నాలుగైదు వాక్యాలే, కానీ కస్టమర్ ఇంకో ఈమెయిల్ పంపాల్సిన పని ఉండదు. కళ్లతో చూసిన మసక, జెల్, స్ఫటికం కూడా డేటాయే. చూసిన వెంటనే టైం వేసి, సంతకంతో నోట్‌బుక్‌లో రాయండి. పైవాళ్లు ఒక్క అంకె కావాలని పట్టుబడితే సీఎంసీనే ఆ అంకెగా ఇచ్చి, పక్కనే పద్ధతి, ఉష్ణోగ్రత, నీటి రకం రాయించుకోండి. ఫ్లాస్కు ఫలితాల సగటు అడిగితే మాత్రం ఒప్పుకోకండి. రెండు ఫ్లాస్కులు కలవలేదని ముడి లెక్కలతో సహా చూపించండి. ఆడిటర్ ముందు నిలబడాల్సింది మీ సంతకమే.